ఇంత టెక్నాలజీ ఉండి ఒక్క ఊరికి పది నెలలా? మా మావయ్యతో ఆదివారం గొడవ

ఇచ్ఛాపురం_అవతల
మా మావయ్య, అంటే మా ఆవిడ నాన్నగారు, పదాతి దళంలో సుబేదారుగా రిటైరయ్యారు. ఆదివారం భోజనాల దగ్గర టీవీలో ఉక్రెయిన్ వార్తలు వస్తుంటే నోరు ఊరుకోక అనేశాను. శాటిలైట్లు, డ్రోన్లు, గురి తప్పని రాకెట్లు అన్నీ పెట్టుకుని బఖ్ముత్ అనే ఒక్క ఊరి కోసం 2022 ఆగస్టు నుంచి 2023 మే దాకా కొట్టుకున్నారంటే అది చేతకానితనం కాక ఇంకేమిటని. యుద్ధానికి ముందు ఆ ఊరి జనాభా 70 వేలు. మన రాయగడంత.

ఆయన పళ్లెం పక్కకి జరిపి, "బాబూ, మీరు మ్యాపు చూస్తున్నారు. వాళ్లు అవతలివాడి గోదాం చూస్తున్నారు" అన్నారు. అక్కణ్ణుంచి మాటా మాటా పెరిగింది. చేపల పులుసు చల్లారిపోయింది. మా ఆవిడ ఇద్దర్నీ తిట్టింది.

నా అనుమానం ఇంకా తీరలేదు. ఒకర్నొకరు అరగదీసుకోవడం అనేది నిజంగా ఒక వ్యూహమా? లేక వ్యూహం ఏదీ పారనప్పుడు మిగిలేదా? ఇక్కడ ఆర్మీలో చేసినవాళ్లు, చరిత్ర చదివినవాళ్లు ఉన్నారు కదా, చెప్పండి. వచ్చే ఆదివారం మళ్లీ అక్కడికే భోజనానికి వెళ్లాలి.

గుణుపురం_గుమాస్తా
వ్యూహమే. మా నాన్న, మా పెదనాన్న 11 సెంట్ల పెరడు కోసం 1994 నుంచి కోర్టులో ఉన్నారు. ముందు ఎవరి దగ్గర డబ్బు అయిపోతుందా అని చూడటం తప్ప ఇద్దరు వకీళ్లకీ వేరే ఆలోచన లేదు.

డ్రోన్_దండు
ఏమీ అనుకోకండి, మావయ్యగారిది పాతకాలం మాట. ఇప్పుడు పదుల వేలల్లో దొరికే ఎఫ్‌పీవీ డ్రోన్, అంటే దాని కెమెరా కంటితో చూస్తూ నడిపేది, కోట్ల ఖరీదు చేసే ట్యాంకుని లేపేస్తోంది. 2022 సెప్టెంబరులో ఖార్కివ్ దగ్గర ఉక్రెయిన్ వాళ్లు కొద్ది రోజుల్లో ఎంత భూమి వెనక్కి తీసుకున్నారో చూడండి. బుర్ర వాడితే అలా ఉంటుంది. వాడకపోతే బఖ్ముత్.

తోప్‌ఖానా_రిటైర్డ్
తమ్ముడూ, ఖార్కివ్ దగ్గర ఎందుకు పారిందో కూడా చెప్పాలి. అక్కడ రష్యావాళ్ల వరస పలచబడిపోయింది. వేసవంతా తూర్పున దాన్‌బాస్‌లో మనుషుల్ని పోగొట్టుకున్నారు. మిగిలినవాళ్లలో మంచి దళాల్ని దక్షిణాన ఖెర్సన్ వైపు తరలించారు. పలచబడ్డ చోట గుడ్డ పట్టి లాగితే చిరుగుతుంది, నిజమే. కానీ అంత పలచబడేదాకా దాన్ని బండకేసి ఉతికిందెవరు?

అదే సెప్టెంబరులో రష్యా 3 లక్షలమందిని పిలుస్తున్నట్టు ప్రకటించింది. గుడ్డ మళ్లీ దళసరి అయింది. 2023 జూన్‌లో ఉక్రెయిన్ దక్షిణాన అదే ఎత్తు వేస్తే మందుపాతరల పొలాల్లో ఇరుక్కుపోయింది. వాళ్ల బుర్ర తొమ్మిది నెలల్లో ఎక్కడికీ పోలేదు కదా. ఎదర ఉన్నది మారింది.

పర్లాకిమిడి_పంతులు
గన్నర్‌గారూ, మీ గుడ్డ పోలిక బాగుంది గానీ నేను మొదటాయన పక్షం. అరగదీత అనేది చాలాసార్లు ఫెయిలైన ప్లానుకి తర్వాత పెట్టుకున్న పేరు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని వెర్డన్ తీసుకోండి. 1916 ఫిబ్రవరి 21న మొదలై డిసెంబరు దాకా సాగింది. జర్మన్ సేనాని ఫాల్కెన్‌హైన్ యుద్ధం అయ్యాక రాసిన జ్ఞాపకాల్లో, ఊరు పట్టడం తన ఉద్దేశమే కాదనీ, ఫ్రాన్స్ రక్తం తోడేయడమే లక్ష్యమనీ, 1915 క్రిస్మస్‌కే చక్రవర్తికి పత్రం రాసి ఇచ్చాననీ చెప్పాడు. ఆ పత్రం అసలు ప్రతి ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. ఊరు చేతికి రాలేదు కాబట్టి తర్వాత కల్పించిన కథ అయ్యుండొచ్చని అనుమానించే చరిత్రకారులు ఉన్నారు. పోనీ ఆ లెక్క అయినా కుదిరిందా? ఇటు అటు కలిపి 7 లక్షల దాకా చచ్చారు, గాయపడ్డారు, పట్టుబడ్డారు. రెండు పక్కలా నష్టం పెద్ద తేడా లేదు. ఎదుటివాడిని అరగదీయబోయి తనూ అంతే అరిగాడు. గంధపు చెక్క అరిగితే గంధమన్నా మిగులుతుంది.

గుణుపురం_గుమాస్తా
@పర్లాకిమిడి_పంతులు మా పెదనాన్న కూడా ఇప్పుడు అదే అంటున్నాడు. "నాకు పెరడు అక్కర్లేదురా, వాడికి బుద్ధి చెప్పాలి అంతే" అని.

కొరాపుట్_కాఫీ
😂😂 ఫాల్కెన్‌హైన్ పెదనాన్న

జయపురం_జాజి
నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, యుద్ధం తెలీదు. కానీ దీని మీద ఒక లెక్క ఉంది. లాంచెస్టర్ అని ఇంగ్లండ్ ఇంజనీరు, కార్లు కూడా తయారు చేశాడు, 1916లో ఒక పుస్తకంలో దీన్ని వివరించాడు. కత్తియుద్ధంలో ఒకడి మీద ఒకడే పడగలడు. తుపాకుల యుద్ధంలో అలా కాదు, పదిమంది ఒకడి మీద గురిపెట్టొచ్చు. అందుకని బలం మనుషుల సంఖ్యతో కాకుండా దాని వర్గంతో పెరుగుతుంది.

ఒకే రకం తుపాకులతో 1000 మంది ఒక పక్క, 500 మంది ఇంకో పక్క ఉన్నారనుకోండి. చివరిదాకా కొట్టుకుంటే చిన్న పక్షం మొత్తం పోతుంది. పెద్ద పక్షంలో ఎంతమంది మిగులుతారు? పిల్లల్ని అడిగితే 500 అంటారు. లెక్క ప్రకారం 866. అంటే 500 మందిని తుడిచేయడానికి ఖర్చయింది 134 మంది. సమాన బలాలైతే మాత్రం ఇద్దరూ వెర్డన్. పంతులుగారు చెప్పింది ఇక్కడ సరిపోతుంది.

డ్రోన్_దండు
@జయపురం_జాజి మేడమ్, ఈ లెక్కలో కందకం లేదు, మందుపాతర లేదు, డ్రోన్ లేదు. దాక్కున్నవాడి మీద గురి ఎలా పెడతారు?

జయపురం_జాజి
కరెక్టే బాబూ. గురి చూడకుండా ఒక ప్రాంతం మీద గుడ్డిగా కొడితే వర్గం పోయి మామూలు సంఖ్యే పనిచేస్తుందని ఆయనే అన్నాడు. ఇంకో పెద్ద లోటు నేనే చెప్తాను. ఈ లెక్కలో కొత్తగా ఎవరూ రారు. నిజం యుద్ధంలో రోజూ వస్తూనే ఉంటారు. కుండకి చిల్లు ఎంతుందన్నదే కాదు, పైనుంచి ఎంత నీళ్లు పోస్తున్నారన్నది కూడా చూడాలి.

రాయగడ_నైట్‌షిఫ్ట్
జాజిగారి కుండ మాట మా మిల్లు మెయింటెనెన్స్ వాడికి వెంటనే ఎక్కింది. మెషీన్ ఎంత గొప్పదని మేం అడగం. బేరింగ్ పోతే స్టోర్‌లో ఉందా, లేకపోతే ఎన్నాళ్లకి వస్తుంది, అంతే. జర్మన్ మెషీన్ అయినా బేరింగ్ లేకపోతే ఇనప సామానే.

పర్లాకిమిడి_పంతులు
నైట్‌షిఫ్ట్‌గారూ, నా వాదనకి నేనే ఎదురుచెప్పుకునే సంగతి ఒకటి గుర్తొచ్చింది. వెర్డన్‌లో పెతాఁ అనే ఫ్రెంచి సేనాని దళాల్ని వంతులవారీగా తిప్పాడు. కొన్నాళ్లు నలిగాక వెనక్కి, కొత్త దళం ముందుకి. ఆ పద్ధతికి పేరు నోరియా, అంటే బావి మీద తిరిగే గిన్నెల చక్రం. ఫ్రెంచి సైన్యంలో ఎక్కువ భాగం అలా వెర్డన్ చూసి వచ్చింది. బార్-ల-దుక్ నుంచి ఉన్న ఒకే ఒక్క రోడ్డు మీద లారీలు రాత్రీ పగలూ బారులు తీరాయి. జర్మన్లు మాత్రం ఉన్న దళాన్ని అక్కడే ఉంచి ఖాళీలు నింపుతూ పోయారు. పాత సిపాయిలు పక్కన లేని దళంలో కొత్త కుర్రాళ్లకి బతకడం నేర్పేదెవరు?

తోప్‌ఖానా_రిటైర్డ్
చూశారా, మీరే నా దారికి వస్తున్నారు.

పేరు గురించి మీరన్నది కొంత ఒప్పుకుంటాను, ఓడినవాడు పెట్టుకునే ముద్దుపేరు అది. కానీ ముందే అనుకుని చేసిన అరగదీత కూడా ఉంది. ఖెర్సన్ చూడండి. అమెరికా ఇచ్చిన హైమార్స్ రాకెట్లతో 2022 వేసవి నుంచి నీపర్ నది మీద అంతోనివ్‌స్కీ వంతెనని కొడుతూ వచ్చారు. వంతెన పాడైంది. పడవలు, పంటుల మీద సరుకు తేవాల్సి వచ్చింది. మందుగుండు గోదాములూ పేలాయి. నదికి పడమటి ఒడ్డున ఉన్న రష్యా దళాలకి తిండి, గుండు చాలవని వాళ్లకే తెలిసింది. నవంబరు 11న ఉక్రెయిన్ సైన్యం ఖెర్సన్‌లోకి నడిచి వెళ్లింది. వీధి వీధినా కొట్టుకోలేదు. అక్కడ అరగదీసింది సిపాయిల్ని కాదు, దారిని.

నేను 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో బోఫోర్స్ మీద చేశాను. ఆ గన్ను గుండు ఒక్కోటి 40 కిలోల పైనే, ఇంచుమించు చిన్న బియ్యం బస్తా. పొద్దున్నుంచి రాత్రిదాకా మోస్తే తెల్లారి భుజం లేవదు. ఆ రెండు నెలల్లో మన ఫిరంగి దళం రెండున్నర లక్షల గుళ్లు, రాకెట్లు పేల్చిందంటారు. టీవీలో టైగర్ హిల్ మీద జెండా చూపిస్తారు, అది చూపించాల్సిందే, ఎక్కిన పిల్లలది మామూలు గుండె కాదు. కానీ వాళ్లు ఎక్కే ముందు పైనున్నవాడిని తల ఎత్తకుండా, తిండి అందకుండా చెయ్యాలి. అది మా వంతు. గుండే కాదు, గన్ను గొట్టం కూడా అరుగుతుంది, అది ఎవరూ రాయరు.

ఇచ్ఛాపురం_అవతల
@తోప్‌ఖానా_రిటైర్డ్ మా మావయ్య కూడా అప్పుడు ఆ పైనే ఉన్నారు. ఆ రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ చెప్పరు.

తోప్‌ఖానా_రిటైర్డ్
అడక్కండి బాబూ. చెప్పాలనిపిస్తే ఆయనే చెప్తారు.

సిరొంచ_గోదారి
గడ్చిరోలి కొస నుంచి నేనూ ఒక ముచ్చట చెప్త. కౌటిల్యుడు దీన్ని రెండు మాటలుగా విడగొట్టిండు, క్షయం, వ్యయం అని. మనుషులు, బండికి కట్టే పశువులు తగ్గితే క్షయం. బంగారం, ధాన్యం తగ్గితే వ్యయం. దండయాత్రకి పోయే రాజు ఈ రెండూ లాభంతో తూచుకోవాలె. లాభం ఎక్కువైతేనే కదలాలె.

మనం ఇక్కడ పొద్దుటి నుంచి రెండూ కలిపేసి కొట్లాడుతున్నం. డ్రోన్_దండు తమ్ముడు వ్యయం లెక్క చెప్తుండు, పంతులుగారు క్షయం లెక్క చెప్తున్నరు.

పర్లాకిమిడి_పంతులు
ఇంత సూటిగా నాకు తట్టలేదండీ గోదారిగారూ. దండం.

డ్రోన్_దండు
సరే, వ్యయం లెక్కే చూద్దాం. చవక డ్రోన్ వస్తే లక్షల డాలర్ల క్షిపణితో కొట్టాల్సి వస్తోంది. పంపినవాడికి డ్రోన్ పోయినా లాభమే. డ్రోన్ ఈ ఆటనే మార్చేసిందన్నది అందుకే.

బరంపురం_పాపడ్
మా గోపాల్‌పూర్‌లోనే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా, ఫైరింగ్ ఉన్న రోజు సముద్రం వైపునుంచి చప్పుడు వినిపిస్తుంది. 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు విమానాల్ని కొట్టే పాత ఎల్-70 గన్నులు కూడా బాగా పనిచేశాయని సైన్యమే చెప్పింది. 1940ల చివరి నాటి డిజైన్, కొత్త రాడార్, కొత్త కళ్లు తగిలించారు. చవక డ్రోన్‌కి చవక తూటా. ఆట మారలేదు తమ్ముడూ, బేరం మారింది.

కొరాపుట్_కాఫీ
పాపడ్ గారు పాయింట్ పేల్చారు

డ్రోన్_దండు
😑 ఒప్పుకుంటా. అయినా డ్రోన్ల వల్ల ఇంకొకటి జరిగింది. ముందు వరస నుంచి చాలా కిలోమీటర్ల దాకా ఏది కదిలినా కనిపిస్తుంది. వంద ట్యాంకులు ఒకచోట చేర్చి దొంగదెబ్బ తీద్దామంటే చేర్చేటప్పుడే చూసేస్తారు. కాబట్టి ఇద్దరు ముగ్గురు సిపాయిలు మోటారు సైకిల్ మీద, లేదా నడిచి... అబ్బా. నేను ఇప్పుడు మావయ్యగారి పక్షాన వాదిస్తున్నానా?

తోప్‌ఖానా_రిటైర్డ్
అవును 😄 కూర్చో, టీ తాగు.

బల్లార్షా_బొగ్గు
అందరూ డ్రోన్ డ్రోన్ అంటున్రు, గుండు ఎట్ల తయారైతదో ఎవ్వరూ చెప్తలేరు. మా బాపు భద్రావతి దగ్గర చాందా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల 31 ఏండ్లు చేసిండు. చంద్రపూర్ జిల్లాల మా తెలుగోళ్లు బొగ్గు గనులల్ల, పేపర్ మిల్లుల ఎక్కువ, కొందరు అక్కడ.

గుండు అంటే ఇనప డబ్బాల మందు పోసుడు కాదు. ఉక్కు దిమ్మెను ఎర్రగ కాల్చి సాగదీయాలె. లోపల పేలుడు మందు కరిగించి పోసి నిదానంగ చల్లార్చాలె. తొందరపడితే లోపల పగులు వస్తది, బుడగ ఉంటది. అది గన్ను గొట్టంలనే పేలితే మనోళ్లే పోతరు. అందుకే ఎక్స్‌రే తీసి చూస్తరు. ఫ్యూజు వేరే, వెనకనుంచి తోసే మందు వేరే. ఆ తోసే మందుకు పత్తి గింజల మీద మిగిలే పొట్టి నూగు కావాలె, దాంట్లనుంచి నైట్రోసెల్యులోజ్ చేస్తరు. యూరప్ వాళ్లు ఈ నూగు చాలామటుకు చైనా నుంచి తెచ్చుకుంటున్నమని తెలిసి తలలు పట్టుకున్నరు. మా దిక్కు ఎటు చూసినా పత్తి చేన్లే, నవ్వు వచ్చింది నాకు.

2023 మార్చిల యూరప్ వాళ్లు ఏడాదిల 10 లక్షల గుళ్లు ఇస్తమని ఉక్రెయిన్‌కి మాట ఇచ్చిన్రు. గడువు వచ్చేసరికి సుమారు సగమే అందినయ్. పైసలు లేక కాదు. కొలిమి, ప్రెస్సు, చెయ్యి తిరిగిన మనిషి లేక. గవి ఆర్డర్ ఇస్తే తెల్లారి రావు.

రాయగడ_నైట్‌షిఫ్ట్
@బల్లార్షా_బొగ్గు అన్నా, ఇదే నేను చెప్పబోయి చెప్పలేకపోయింది. మనిషి రిటైరైతే ఆ పని చేతికి ఇంకొకడికి రావడానికి ఏళ్లు పడుతుంది.

పర్లాకిమిడి_పంతులు
బల్లార్షాగారి మాటకి ఉక్రెయిన్‌లో అవ్దీవ్కా అనే ఊరు సాక్ష్యం. 2023–24 చలికాలంలో అమెరికా సహాయం వాళ్ల పార్లమెంటులో ఇరుక్కుంది. ఉక్రెయిన్ గన్నులు గుళ్లు లెక్కపెట్టి పేల్చాయి. 2024 ఫిబ్రవరిలో ఊరు పోయింది. సహాయం బిల్లు ఏప్రిల్‌లో పాసయింది. అదే నెలలో ఉక్రెయిన్ నిర్బంధ సైన్య వయసు 27 నుంచి 25కి దించింది. వ్యయం, క్షయం రెండూ ఒకే నెలలో.

మల్కన్‌గిరి_మన్యం
ఇంత దూరం ఎందుకు, సీలేరు అవతలే 1922–24లో అల్లూరి సీతారామరాజుగారి యుద్ధం. ఆగస్టు 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు పట్టుకెళ్లారు. దెబ్బ తీసి మాయమవడం. అక్కడ అరగదీస్తున్నది రాజుగారే. తర్వాత సర్కారు మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపి కొండని వదిలేసి ఊళ్ల మీద పడింది. పైకి తిండి, కబురు వెళ్లకుండా ఊళ్లని నలిపింది. 1924 మే 7న రాజుగారు పోయారు. మా తాతమ్మ చెప్పేది, ఆ రెండేళ్లూ రాగులు దంచితే రోకలి చప్పుడు వినపడకూడదని నేల మీద గోనె పరిచి దంచేవారట.

సిరొంచ_గోదారి
ఆ గోనె మాట మనసుల నుంచి పోతలేదు.

చికిటి_చిరుత
మరి వియత్నాం సంగతి ఏటి? అమెరికా జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ శవాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. వాళ్లు భర్తీ చేసే దానికన్నా మనం ఎక్కువ చంపితే ఒక రోజున కాటా అటు మొగ్గుతుంది అన్నాడు. ఏ లెక్కన చూసినా అవతలవాళ్లే చాలా ఎక్కువ చచ్చారు. 1968లో వాళ్లు చేసిన టెట్ దాడిలో కూడా చావుదెబ్బ తిన్నారు. కానీ 58 వేలమంది పోయాక విసుగొచ్చి ఇంటికి పోయింది అమెరికా. గన్నర్‌గారి గోదాం లెక్క ఇక్కడ తప్పింది కదా?

తోప్‌ఖానా_రిటైర్డ్
@చికిటి_చిరుత తప్పింది. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. గోదాంలో ఓర్పు కూడా ఒక సరుకు అని చెప్పగలను గానీ అది మాటకారితనం అవుతుంది.

పర్లాకిమిడి_పంతులు
నేను చెప్పనా? ఎంత పోతే వదిలేస్తాడన్నది ఎదుటివాడి చేతిలో ఉంది, మన లెక్కలో కాదు. అమెరికా అంతర్యుద్ధంలో 1864లో ఉత్తరాది సేనాని గ్రాంట్ వర్జీనియాలో మే, జూన్ నెలల్లోనే 50 వేల పైన పోగొట్టుకున్నాడు, దక్షిణాది సేనాని లీ పోగొట్టుకున్నదానికన్నా ఎక్కువ. జనం కసాయి అన్నారు. అంతకు ముందు సేనానులు అలాంటి దెబ్బ తగిలితే వెనక్కి వెళ్లేవారు. ఆయన దక్షిణానికి తిరిగాడు. లీకి పోయినవాళ్ల బదులు రావడం లేదని ఆయనకి తెలుసు. పీటర్స్‌బర్గ్ దగ్గర తొమ్మిది నెలల పైన పట్టింది. ఆ మధ్యలో 1864 నవంబరు ఎన్నికల్లో లింకన్ ఓడిపోయి ఉంటే ఇవాళ గ్రాంట్‌ని మీరు వెస్ట్‌మోర్‌లాండ్ పక్కన కూర్చోబెట్టేవారు.

కొరాపుట్_కాఫీ
మన భీష్ముడిని మరిచారు. రోజుకి పదివేల మంది చొప్పున పది రోజులు 💪

పర్లాకిమిడి_పంతులు
ఆ పది రోజుల్లో ఏమీ తేలలేదు నాయనా. శిఖండిని ముందు పెట్టాకే తేలింది. అంటే ఎత్తుగడ. అది నా ఖాతా.

తోప్‌ఖానా_రిటైర్డ్
పద్దెనిమిదో రోజు అయ్యాక అటు ముగ్గురు, ఇటు ఏడుగురు మిగిలారు మాస్టారూ. ఎవరి ఖాతాలో వేస్తారు?

మోడరేటర్
ఇప్పటి రాజకీయ పార్టీల మీద రాసిన మూడు పోస్టులు తీసేశాను. భీష్ముడు ఉండొచ్చు.

ఇచ్ఛాపురం_అవతల
అందరికీ చాలా థాంక్స్. నా వాదన పూర్తిగా ఓడిపోలేదనే అనుకుంటున్నాను, కనీసం పంతులుగారి వల్ల. వియత్నాం, వెర్డన్ రెండూ దాచుకున్నాను ఆదివారానికి.

జయపురం_జాజి
866 కూడా తీసుకెళ్లండి. ముందు ఆయన్ని ఊహించమనండి.

ఇచ్ఛాపురం_అవతల
ఆదివారం కబురు. మావయ్య 866 దగ్గర "850 ఉంటుంది" అన్నారు, కాగితం లేకుండా. వియత్నాం చెప్తే "అదీ నిజమే" అని ఊరుకున్నారు. గెలిచినట్టు అనిపించలేదు. తర్వాత ఈ పేజీ మొత్తం నా ఫోన్‌లో కళ్లజోడు పెట్టుకుని గంటసేపు చదివారు. చదివాక ఒక్కటే అడిగారు, బల్లార్షా ఆయన వాళ్ల నాన్నగారు ఏ సెక్షన్‌లో చేసేవారని.

బల్లార్షా_బొగ్గు
ఫిల్లింగ్. ఎందుకన్నా?

ఇచ్ఛాపురం_అవతల
ఎందుకో చెప్పలేదు. "నమస్కారం చెప్పానని చెప్పండి" అన్నారు అంతే.

బల్లార్షా_బొగ్గు
బాపు పక్కనే ఉన్నడు. చెప్పిన. జర సేపు ఏమీ అనలే. ఆయన ఏ పల్టన్ అని అడుగుతుండు.

గుణుపురం_గుమాస్తా
మాది మళ్లీ వాయిదా పడింది. వచ్చే నెల 14.